కుందారం జీవి దొరికింది, దాని బొరియ ఏదీ?

జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టర్ జనరల్ గారికి,
కోల్‌కతా.



మంచిర్యాల ప్రాంతంలోని కుందారం పేరు మీ సంస్థలో తెలియనివారు ఉండరు. పర్మియన్ యుగం చివరినాటి వెన్నెముక జీవుల శిలాజాలు మన దేశంలో దొరికిన అతి కొద్ది చోట్లలో అదొకటి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు (ఐఎస్ఐ) చెందిన టి.ఎస్. కుట్టి 1972లో ఆ సంగతిని ‘నేచర్’ పత్రికలో లోకానికి చెప్పారు. అక్కడి రాళ్లలోంచి వచ్చిన పుర్రెల్లో ఒక చిన్న జీవికి 2016లో క్రిస్టియన్ కామరర్, శాశ్వతి బంద్యోపాధ్యాయ్, సంఘమిత్ర రే కలిసి సారోస్కాప్టర్ అని పేరు పెట్టారు. క్షీరదాల పూర్వీకులకు దూరపు చుట్టాలైన డైసినోడాంట్లలో, సిస్టెసెఫాలిడ్లు అనే కుటుంబానిది అది. దక్షిణాఫ్రికాలో, టాంజానియాలో దొరికిన దాని దాయాదుల ముంగాళ్లు పొట్టిగా, దిట్టంగా ఉంటాయి. మట్టిని తోడుకుంటూ నేల అడుగున బతకడానికి తగ్గ శరీరాలు అవి. మన కుందారం జీవికీ అదే అలవాటు ఉండి ఉంటుందని అనుకోవడం న్యాయమే. అంటే 25 కోట్ల ఏళ్లకు ముందే గోదావరి లోయలో ఒక జంతువు కలుగు తవ్వుకుని కాపురం చేసి ఉండాలి. దాని పుర్రె మన దగ్గర ఉంది. మరి ఆ కలుగు ఏదీ? దాన్ని వెతకమని అడగడానికే ఈ లేఖ.

మిమ్మల్నే అడగడానికి కారణం ఉంది. 1851లో మొదలైన మీ సంస్థకు తొలి అధిపతి థామస్ ఓల్డ్‌హామ్. ఆయనే 1859లో, మీ మెమోయిర్ల తొలి సంపుటంలో, గోదావరి లోయలోని మాలేరి రాళ్లలో దొరికిన చేప పళ్ల గురించి రాశారు. బెంగాల్‌లో రాణిగంజ్ దగ్గరి పాంచెట్ రాళ్ల నుంచి మీ ఉద్యోగి బ్లాన్‌ఫర్డ్ సేకరించిన ఎముకలను 1865లో టి.హెచ్. హక్స్‌లీ వర్ణిస్తే, ఆ పుస్తకాన్ని అచ్చువేసింది మీ సంస్థే. 1881లో విలియం కింగ్ ప్రాణహిత–గోదావరి లోయ రాళ్లన్నిటినీ ఒక వరసలో పెట్టి వివరించారు. తెలుగు నేల కింద ఏముందో తొలినాళ్లలో చదివినవాళ్లలో మీవాళ్లు ముఖ్యులు. తర్వాత 1950ల చివర్లో ఐఎస్ఐ స్థాపకుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్ పిలిస్తే లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్, ఆమె దగ్గర పని నేర్చుకున్న యువకులు ఆ చదువును ముందుకు తీసుకెళ్లారు. మాలేరిలో రింకోసార్లు, పారాసూకస్‌లు, యెర్రపల్లి రాళ్లలో ఒకేచోట గుట్టగా పడివున్న వాడియాసారస్ అనే డైసినోడాంట్ల మంద, కోట రాళ్లలో డైనోసార్లు. ఎముకల వరకు చూస్తే ఆ లోయకు ఏ లోటూ లేదు. నా ఆరాటమంతా ఎముక చుట్టూ ఉన్న మట్టి గురించి.

ఒక జంతువు బయట చచ్చిపోతే దాని కళేబరం ఎన్ని పాట్లు పడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. వేటజంతువులు పీక్కుతింటాయి. ఎండకు కీళ్లు విడిపోతాయి. వాన నీళ్లు వస్తే పుర్రె ఒక మలుపులో, కాలి ఎముక ఇంకో మలుపులో తేలుతాయి. కాబట్టి చాలా శిలాజాలు ఆ జంతువు ఎక్కడ బతికిందో చెప్పలేవు, ఎక్కడ చచ్చిందో కూడా చెప్పలేవు. ఎక్కడికి కొట్టుకొచ్చి ఆగిందో మాత్రమే చెబుతాయి. బొరియలో, తాను పడుకున్న చోటే, ముడుచుకున్న భంగిమలోనే పూడిపోయిన జంతువు అలా కాదు. అది ఉన్న చోటు దానిది. దాని పక్కన ఉన్నవాళ్లు ఎవరో, అది ఎంత లోతుకు తవ్విందో, ఎండాకాలాన్ని ఎలా గట్టెక్కిందో అన్నీ ఆ మట్టిలో ఉంటాయి.

బొరియ రాయిగా మారే తీరు పెద్ద చిక్కుగా ఏమీ ఉండదు. వరద నీరు ఒండ్రును మోసుకుంటూ కలుగులోకి దిగుతుంది. ఇసుక, బురద పొరలు పొరలుగా నిండుతాయి. చుట్టూ ఉన్న నేలది ఒక రంగు, లోపలి పూడికది ఇంకో రంగు, ఇంకో గరుకు. నేలలోని నీళ్లలో కరిగిన సున్నం ఆ పూడికలో పేరుకుని దాన్ని గట్టిపరుస్తుంది. ఎంతో కాలం తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి రాయి గాలికీ వానకూ అరిగిపోయి, పూడిక మాత్రం ఏటవాలుగా దిగే వంకర దిమ్మెగా బయటపడుతుంది. ఖాళీ చోటికి ప్రకృతి పోసిన అచ్చు అది. అడుగువైపు తిప్పి చూస్తే గోళ్ల గీతలు కనిపించవచ్చు. దక్షిణాఫ్రికా కరూ ప్రాంతంలో, క్షీరదాలకు దగ్గరి చుట్టాలైన సైనోడాంట్ల బొరియల్లో ఇంకో గుర్తు ఉంటుంది. సొరంగం నేల మీద నడిమధ్య ఒక గట్టు, దానికి చెరోవైపు ఒక పల్లం. ఎడమ కాళ్లు ఒక పల్లంలో, కుడి కాళ్లు ఒక పల్లంలో వేస్తూ ఆ జంతువు వస్తూ పోతూ చేసిన బాట అది. ఎన్ని ఎముకలు పోగేసినా ఈ సంగతి తెలియదు. పాత జంతువులు తమ ఇంట్లో తిరిగిన తీరును ఇంత దగ్గరగా చూపించే రుజువు నాకు తెలిసి మరొకటి లేదు.

ఇప్పుడు కరూలో దొరికిన ఒక రాతిదిమ్మె కథ చెబుతాను. మీకు తెలిసినదే అయినా ఈ లేఖ చదివే తెలుగువాళ్లకు తెలియాలి.

1975లో జేమ్స్ కిచింగ్ అనే శిలాజాల అన్వేషకుడు ఒలివియర్స్‌హుక్ కనుమ దగ్గర ఒక బొరియ అచ్చును సేకరించారు. ట్రయాసిక్ యుగం తొలినాళ్లది, దాదాపు 25 కోట్ల ఏళ్ల నాటిది. దానికి కాస్త ముందే భూమి మీద జీవం ఎన్నడూ ఎరగనంత పెద్ద వినాశనం జరిగింది. సముద్ర జీవజాతుల్లో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయింది. నేల మీది జంతువుల్లో కొద్ది రకాలే మిగిలాయి. అలా మిగిలి కరూలో విరివిగా తిరిగిన వాటిలో థ్రినాక్సోడాన్ ఒకటి. ముంగిస పాటి జంతువు. ఇదీ సైనోడాంటే, క్షీరదాల పూర్వీకులకు దగ్గరి చుట్టం. కిచింగ్ తెచ్చిన దిమ్మె జొహానెస్‌బర్గ్‌లోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయానికి చేరింది. దాన్ని ఉలితో చెక్కి ఎముకలు బయటికి తీయకుండా అలాగే భద్రపరిచారు. ఆ నిగ్రహానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత ఆ దిమ్మె ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌కు వెళ్లింది. అక్కడి సింక్రోట్రాన్ కేంద్రంలో ఎంతో శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలతో దాన్ని స్కాన్ చేశారు. రాయి మీద ఒక్క గీత కూడా పడకుండా లోపల ఏముందో కంప్యూటర్ తెర మీద కనిపించింది. విన్సెంట్ ఫెర్నాండెజ్, ఫెర్నాండో అబ్దాలా, బ్రూస్ రూబిడ్జ్ తదితరులు 2013లో ఆ వివరాలు ప్రకటించారు. లోపల థ్రినాక్సోడాన్ ఉంది. దాని పక్కనే, ఎవరూ ఊహించని మరో జంతువు కూడా ఉంది. బ్రూమిస్టెగా అనే ఉభయచరం. ఇంకా పూర్తిగా ఎదగని పిల్ల. తల నుంచి తోక దాకా ఎముకలన్నీ పొందికగా ఉన్నాయి.

ఇక్కడి నుంచి ఆ శాస్త్రవేత్తలు చేసిన ఆలోచన చూడండి. ఉభయచరం కాళ్లు బలహీనమైనవి, బొరియ తవ్వే కాళ్లు కావు. కాబట్టి ఇల్లు థ్రినాక్సోడాన్‌ది. మరి ఈ అతిథి ఎలా వచ్చింది? వరదలో కొట్టుకొచ్చి పడిందా? అలాగైతే ఎముకలు చెదరకుండా, అంత ఇరుకులోకి వచ్చి కుదురుగా ఉండటం కష్టం. థ్రినాక్సోడాన్ వేటాడి ఈడ్చుకొచ్చిందా? ఉభయచరం పుర్రె మీద రెండు చిల్లులు ఉన్నాయి, కానీ అవి థ్రినాక్సోడాన్ పళ్లకు సరిపోలేదు. దాని పక్కటెముకల్లో వరసగా కొన్ని విరిగి ఉన్నాయి. ఆ విరుగుళ్లు అప్పటికే అతుక్కోవడం మొదలైంది. అంటే దెబ్బ తగిలాక అది కొంతకాలం బతికింది. ఊపిరి పీల్చాలన్నా, కదలాలన్నా నొప్పితో ఉన్న ప్రాణి ఎండ నుంచో, శత్రువుల నుంచో తప్పించుకోవడానికి దొరికిన నీడలోకి దూరింది. మరి ఇంటి యజమాని దాన్ని ఎందుకు తరమలేదు? బహుశా అది వేసవి నిద్రలో ఉంది. ఆహారం, నీళ్లు దొరకని నెలల్లో శరీరాన్ని నెమ్మదింపజేసుకుని ముడుచుకు పడుకునే నిద్ర అది. ఈలోగా వరద వచ్చింది. బొరియ పూడిపోయింది.

వేసవి నిద్ర మాట ఊహే. కానీ రాతిలో కనిపించే ప్రతి వివరానికీ నిలబడే ఊహ. క్షీరదాలు రాకముందే, వాటి పూర్వీకుల చుట్టాలలో ఒకటి కరువుకాలాన్ని నేల కింద నిద్రతో దాటిందన్న ఆలోచనకు ఒక ఆధారం ఆ దిమ్మె. 1975లోనే దాన్ని పగలగొట్టి ఉంటే ఏమయ్యేది? థ్రినాక్సోడాన్ పుర్రెలు కరూలో బాగానే దొరుకుతాయి. అలమరలో ఇంకొక పుర్రె చేరేది. చిన్న ఉభయచరం ఎముకలు వేరే చీటీతో వేరే పెట్టెలోకి వెళ్లేవి. ఆ రెండూ ఒకే కప్పు కింద చివరి ఘడియలు గడిపాయన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అందుకే అడుగుతున్నాను: కోల్‌కతాలోని మీ సేకరణల్లోనూ, ఐఎస్ఐ సేకరణల్లోనూ పాంచెట్, కుందారం, యెర్రపల్లి, మాలేరి రాళ్ల నుంచి వచ్చిన, ఇంకా తెరవని రాతిగడ్డలు ఎన్ని ఉన్నాయి? దయచేసి లెక్క తీయించి జాబితా ప్రకటించండి. కొలతలు, దొరికిన చోటు, పొర, ఏటవాలు ఉంటే ఆ వివరం, నాలుగు వైపుల ఫొటోలు చాలు. గడ్డను చెక్కే ముందు స్కాన్ తప్పనిసరి చేయండి. ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్‌కు ఇమేజింగ్ బీమ్‌లైన్ ఉంది. పెద్ద దిమ్మెలకు దాని కిరణాల బలం ఎంతవరకు సరిపోతుందో అక్కడి నిపుణులే చెప్పాలి. చిన్న గడ్డలతోనైనా మొదలుపెట్టవచ్చు. యంత్రభాగాల లోపాలు పట్టే పారిశ్రామిక సీటీ స్కానర్లూ మన దేశంలో ఉన్నాయి. సాధనం లేదన్న మాట ఇక చెల్లదు.

బొరియలో ఎముక దొరకగానే కథ తేలిపోతుందని కూడా నేను అనడం లేదు. అమెరికాలో నెబ్రాస్కా పశ్చిమ భాగంలో, మనిషి ఎత్తును మించిన మర ఆకారపు రాళ్లు నిలువునా భూమిలోకి దిగి ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని దయ్యపు మరలు అనేవారు. 1891లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఎర్విన్ బార్బర్ వాటిని పరిశీలించి, 1892లో డెమోనెలిక్స్ అని పేరు పెట్టాడు. మొదట అవి మంచినీటి స్పాంజీలు అన్నాడు, తర్వాత మొక్కలు అన్నాడు. ఆయన మాటకు ఆధారం లేకపోలేదు. ఆ మరల గోడల్లో నిజంగానే మొక్కల కణజాలం ఉంది. 1893లో ఎడ్వర్డ్ కోప్, వియన్నాకు చెందిన థియోడర్ ఫుక్స్ ఎవరికి వారుగా, ఇవి ఎలుక జాతి జంతువుల బొరియలు అయివుంటాయని రాశారు. బార్బర్ ఒప్పుకోలేదు. 1905లో కార్నెగీ మ్యూజియంకు చెందిన ఒలాఫ్ పీటర్సన్ ఆ మరల్లోంచి పేలియోకాస్టర్ అనే చిన్న బీవర్ ఎముకలను తెచ్చి చూపించాడు. అప్పటికీ వాదం పూర్తిగా చల్లారలేదు. 1977లో లారీ మార్టిన్, డెబ్రా బెన్నెట్ గోడల మీది గాడులను కొలిచి, అవి పేలియోకాస్టర్ ముందరి పళ్లతో గీసినవేనని నిరూపించారు. ఆ జంతువు పళ్లతో మట్టిని చెక్కుతూ గుండ్రంగా తిరుగుతూ కిందికి దిగింది. మొక్కల కణజాలం సంగతి కూడా తేలింది. బొరియలోని తేమ కోసం వేర్లు గోడల్లోకి పాకి, తర్వాత అక్కడే రాయిగా మారాయి.

ఎనభై ఏళ్లకు పైగా సాగిన ఆ వివాదాన్ని తేల్చింది గోడ. ఎముకలు 1905 నాటికే చేతిలో ఉన్నాయి, అయినా చాలలేదు. పైగా అదే నెబ్రాస్కా మరల్లో ఒకదానిలో జోడియోలెస్టెస్ అనే మాంసాహారి అస్థిపంజరం దొరికింది. అది తవ్విన జంతువు కాదు. బీవర్లను వేటాడేందుకు దూరిందో, ఖాళీ ఇల్లు చూసి చేరిందో. చీమల పుట్టలో పాము చేరడం మన ఊళ్లలో పిల్లలకూ తెలుసు. కాబట్టి తవ్వింది ఎవరు, చచ్చింది ఎవరు అన్న రెండు ప్రశ్నలకూ వేర్వేరుగా జవాబు వెతకాలి. ఈ జాగ్రత్త మీ సంస్థకు కొత్తేమీ కాదు. 1880లలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు జరిపించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ మీ సంస్థ మనిషే. ఆ ఎముకలను పరిశీలించిన లిడెక్కర్ వాటిలో ఒక కొత్త జాతి ఏదుపందిని గుర్తించాడు. ఏదు బయటి ఎముకలను తన గూటికి మోసుకొచ్చి కొరుకుతుంది. అలాంటి చోట ప్రతి ఎముకా ఆ గుహలో బతికినవాళ్లదే అనుకుంటే పొరపాటు పడతాం.

సరిగ్గా వెతికిన చోట ఎంత దొరికిందో రెండు మూడు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. కరూలోనే రోజర్ స్మిత్ 1987లో పర్మియన్ నాటి మర ఆకారపు బొరియలను, వాటి అడుగు గదుల్లో ముడుచుకుని ఉన్న డైక్టోడాన్ అస్థిపంజరాలను వర్ణించారు. డైక్టోడాన్ కూడా డైసినోడాంటే, మన కుందారం జీవికి దూరపు బంధువే. ట్రైరాకోడాన్ అనే సైనోడాంట్లు సుమారు 20 ఒకే బొరియల సముదాయంలో దొరికాయి. అవి గుంపుగా కాపురం ఉన్నాయనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? అమెరికాలోని మోంటానాలో డేవిడ్ వరికియో బృందం 2007లో ఒరిక్టోడ్రోమియస్ అనే డైనోసార్‌ను ప్రకటించింది. రెండు మీటర్లకు పైగా పొడవున్న, మలుపులు తిరిగిన బొరియలో ఒక పెద్దది, రెండు పిల్లలు ఉన్నాయి. డైనోసార్లు కూడా బొరియ తవ్వి అందులో పిల్లలను సాకేవని అప్పటిదాకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. 2010లో మోడెస్టో, బోతా-బ్రింక్ లిస్ట్రోసారస్ ఎముకలున్న బొరియ అచ్చును వర్ణించారు. ఈ చివరిది మనకు మరీ ముఖ్యం. లిస్ట్రోసారస్ దక్షిణాఫ్రికాలో ఉంది, అంటార్కిటికాలో ఉంది, మన పాంచెట్‌లోనూ ఉంది. ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పడానికి పాఠ్యపుస్తకాలు చూపించే జంతువు అదే. అదే జంతువు, అదే కాలం, అదే తరహా నదీ మైదానపు మట్టి. అక్కడ బొరియ తవ్విన జంతువు ఇక్కడా తవ్వి ఉండదా?

గోదావరి లోయ విషయానికి వస్తే, అక్కడి ట్రయాసిక్ ఎర్రమట్టి రాళ్లలో బొరియల గుర్తులు ఉన్నాయని మన శాస్త్రవేత్తలు 1983లోనే రాశారు. అంటే దారి తెలియని అడవి కాదు. ఓల్డ్‌హామ్ 1859లో రాసిన చేప పళ్లు సెరటోడస్ అనే ఊపిరితిత్తుల చేపవి. ఆఫ్రికాలో ఇప్పటికీ బతికి ఉన్న ఊపిరితిత్తుల చేపలు చెరువు ఎండితే బురదలో గుంత చేసుకుని, తమ జిగురుతోనే ఒంటి చుట్టూ పొర కట్టుకుని, మళ్లీ వానలు పడేదాకా పడుకుంటాయి. టెక్సాస్‌లో పర్మియన్ నాటి న్యాథోరైజా చేపలు అలాంటి గుంతల్లోనే రాయైపోయి దొరికాయి. రోమర్, ఓల్సన్ 1954లో వాటి గురించి రాశారు. అయితే ఆస్ట్రేలియాలో బతికున్న చేపకు ఆ అలవాటు లేదు. సెరటోడస్ పోలికలు ఎక్కువగా ఆస్ట్రేలియా చేపతోనే. కాబట్టి మాలేరి చేప ఎండాకాలంలో ఏం చేసిందన్న ప్రశ్నకు పళ్లు ఎన్ని దొరికినా జవాబు రాదు. మాలేరి ఎర్రమట్టిలో నిలువు గుంత ఒకటి, అందులో చేప ఒకటి కనిపిస్తే వస్తుంది. గుంతలు ఉండి చేపలు లేకపోయినా అదీ సమాచారమే. చూసి, కొలిచి, రాసిపెట్టాలి.

బొరియను గుర్తుపట్టడం నేర్పేవాళ్లు ఎవరంటే, మన దగ్గరే ఉన్నారు. కోస్తాంధ్ర వరిపొలాల్లో ఎలుకలు పట్టే యానాదులకు బొరియ చదవడం తాతల నాటి విద్య. గట్టు మీద కనిపించే నోరు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెబుతారు. ధాన్యం దాచిన గది ఎటు ఉంటుందో, పిల్లల గది ఎటు ఉంటుందో, తప్పించుకునే దొంగదారి ఎక్కడ తేలుతుందో అంచనా వేస్తారు. కుండలో గడ్డి కుక్కి పొగబెడితే ఆ పొగ ఏ కన్నం నుంచి బయటికి వస్తుందో చూసి మొత్తం సొరంగం ఆకారాన్ని మనసులో గీసుకుంటారు. పందికొక్కు కలుగుకూ, ఎండ్రకాయ బొరియకూ, ఉడుము తవ్విన గుంతకూ తేడా వాళ్లకు కంటితోనే తెలుస్తుంది. పాత బొరియలను అర్థం చేసుకోవడానికి ఇప్పటి బొరియల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీసి పోల్చడం ప్రపంచమంతా చేస్తున్న పని. నెబ్రాస్కా మరలను చదివినవాళ్లు ప్రెయిరీ డాగుల బొరియలతో పోల్చే చదివారు. మీ శిక్షణ సంస్థ కేంద్రం హైదరాబాద్ బండ్లగూడలోనే ఉంది. అక్కడికి శిక్షణకు వచ్చే యువ భూగర్భ శాస్త్రవేత్తలకు కోత కోసిన వరిచేలో యానాది పెద్దలతో కొన్ని రోజులు పాఠాలు పెట్టించండి. వాళ్లకు శిక్షకుల హోదా ఇచ్చి, శిక్షకులకు ఇచ్చే వేతనమే ఇచ్చి పిలవండి. ఎలుక బొరియకు అచ్చు తీసి, కొలతలు వేసి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక చిన్న చేతిపుస్తకం తయారుచేస్తే అది కుందారంలో నడిచే ప్రతి పరిశోధకుడి సంచిలో ఉండాల్సిన పుస్తకం అవుతుంది.

క్షేత్రంలో శిలాజాలు వెతికే పద్ధతి గురించి కూడా ఒక మాట. కీళ్లు చెదరకుండా, ముడుచుకుని ఉన్న అస్థిపంజరం కనిపిస్తే అక్కడే ఆగాలి. ఎముకను విడదీసే ముందు చుట్టూ రాయి రంగు మారిందా, అంచు ఎక్కడ, పూడిక ఎటు వాలుతోంది, అడుగున గీతలు ఉన్నాయా అని చూడాలి. వీలైనంత పెద్ద దిమ్మెగా ప్లాస్టర్ కట్టి తీసుకురావాలి. బరువవుతుంది, బండి ఖర్చవుతుంది, ఆ ఏడాది రిపోర్టులో ఎముకల సంఖ్య తగ్గుతుంది. సంఖ్య తగ్గినందుకు ఆ ఉద్యోగిని నిలదీయకూడదు. ఈ భరోసా ఇవ్వగలిగింది మీరే.

ఇక చట్టం. దక్షిణాఫ్రికాలో 1999 నాటి జాతీయ వారసత్వ వనరుల చట్టం ప్రకారం శిలాజాలు ప్రభుత్వ ఆస్తి. అనుమతి లేకుండా తవ్వడం, తరలించడం నేరం. అమెరికాలో ప్రభుత్వ భూముల్లోని శిలాజాలకు 2009లో ప్రత్యేక చట్టం వచ్చింది. మన దగ్గర 2022 డిసెంబరులో గనుల శాఖ భూవారసత్వ స్థలాల, అవశేషాల పరిరక్షణ బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. అందులోని అధికారాల పంపకం మీద పరిశోధకులకు అభ్యంతరాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాలకూ, రాష్ట్రాలకూ చోటు ఉండాలన్న వాదన నాకూ సరైనదే అనిపిస్తుంది. ఆ చర్చ సాగనివ్వండి. కానీ శిలాజం అన్న నిర్వచనంలో అడుగుజాడలు, బొరియలు, గూళ్లు, వాటి చుట్టూ ఉన్న రాయి స్పష్టంగా పేరుపేరునా చేరాలని మీ శాఖకు మీరు చెప్పాలి. ఎముకను కాపాడే చట్టం ఉండి, ఆ ఎముక పడుకున్న మట్టిని కంకరగా అమ్ముకోవచ్చంటే ఆ చట్టం సగమే పనిచేస్తుంది.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేని పని ఒకటుంది. కుందారం, మాలేరి, యెర్రపల్లి పేర్లు ప్రపంచమంతటా శాస్త్ర గ్రంథాల్లో ఉన్నాయి. ఆ ఊళ్ల పిల్లలు చదవగలిగే తెలుగులో ఆ పేర్ల విలువ ఎక్కడ రాసి ఉంది? హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరాన్ని చూసిన పిల్లలు లక్షల్లో ఉంటారు. డైనోసార్ కన్నా ఎంతో ముందు, మన గోదావరి ఒడ్డున నేల కింద ఇల్లు కట్టుకున్న చిన్న జీవిని చూసినవాళ్లు ఎందరు? సారోస్కాప్టర్ పుర్రెకు నకళ్లు చేయించి ఒకటి హైదరాబాద్‌లో, ఒకటి మంచిర్యాలలో, ఒకటి కుందారం బడిలో పెట్టించండి. పక్కన నాలుగు వాక్యాల తెలుగు పలక చాలు. ఉపాధి పనిలో చెరువు పూడిక తీసేవాళ్లకు, బోరు వేసేవాళ్లకు, మేకలు కాసేవాళ్లకు బొరియ దిమ్మె ఎలా ఉంటుందో బొమ్మ వేసి చూపించండి. ఆ ప్రాంతంలో మీ ఉద్యోగులు ఏడాదికి కొన్ని వారాలు తిరుగుతారు. ఊరివాళ్లు ఏడాదంతా తిరుగుతారు. గుర్తుపట్టి కబురు చేసినవారి పేరు ఆ నమూనా రికార్డులో రాయండి.

వచ్చే క్షేత్ర పరిశోధన కార్యక్రమంలో కుందారం, మాలేరి, పాంచెట్ రాళ్లలో బొరియల సర్వేను ఒక ప్రత్యేక అంశంగా చేర్చమని కోరుతున్నాను. ఐఎస్ఐని, ఉస్మానియా, కాకతీయ విశ్వవిద్యాలయాలను కలుపుకోండి. తెరవని గడ్డల జాబితాకు ఒక గడువు పెట్టండి. ఈ లేఖకు మీరిచ్చే జవాబు ప్రతి ఒకటి కుందారం గ్రామ పంచాయతీకి, ఒకటి అక్కడి ప్రభుత్వ పాఠశాలకు తెలుగులో పంపండి.

ఇట్లు,
గోదావరి లోయ శిలాజాల గురించి తెలుగులో రాస్తున్న ఒక పాత్రికేయుడు